పిండి దగ్గు

గన్నన్ పిన్ని చావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఫోర్‌మన్ గో తలుపుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. నేను చూశాను. పిండి గదిలో నాతో పాటు ఉన్న నలుగురూ చూశారు. తర్వాత కంపెనీ వాళ్లు ఎన్ని కాగితాలు రాయించినా మా కళ్లు చూసింది అబద్ధం కాదు.

అది ఎనభై ఏడో సంవత్సరం, ఆగస్టు నెలాఖరు. ఆ ఎండాకాలమంతా దేశంలో ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతున్నాయి. ఓడలు కట్టేవాళ్లు, బస్సులు నడిపేవాళ్లు, బొగ్గు తవ్వేవాళ్లు రోడ్ల మీదికి వచ్చారు. కున్సాన్ రేవులో మా కుమ్‌నారు బేకరీ మాత్రం నలభయ్యో పుట్టినరోజు చేసుకుంటోంది. "మనది ఫ్యాక్టరీ కాదు, ఇల్లు. ఒకే కుండలో అన్నం తిన్నవాళ్లం" అని మా ప్రెసిడెంటు మిన్ గితేక్ రోజూ పొద్దున్న మైకులో చెప్పేవాడు. మేం నూట అరవై మందిమి తెల్ల టోపీలు పెట్టుకుని వరసల్లో నిలబడి వినేవాళ్లం.

ఆ ఇల్లు ఎవరిదో చెప్తాను. గితేక్ తండ్రి మిన్ బ్యోంగు జపాను వాళ్ల ఏలుబడిలో ఒక జపాను రొట్టెలవాడి దగ్గర పిండి పిసికేవాడు. జపాను ఓడిపోయింది, రొట్టెలవాడు పడవెక్కి వెళ్లిపోయాడు, పొయ్యి మిన్ బ్యోంగు చేతికొచ్చింది. తర్వాత ఉత్తరం వాళ్లతో యుద్ధం అయ్యాక అమెరికా నుంచి సాయంగా వచ్చిన గోధుమపిండితో కొడుకు ఆ పొయ్యిని ఫ్యాక్టరీ చేశాడు. మేం చిన్నబాబు అనే మనవడు సాంగ్‌జున్ టోక్యోలో చదువుకుని వచ్చి ఆ ఫ్యాక్టరీకి అద్దం పెట్టించాడు.

తీపి పూర్ణం పెట్టిన మా బన్నులు ఎంత శుభ్రంగా తయారవుతాయో జనం చూడాలట. పిండి గదికి ఒకవైపు గోడ పడగొట్టి నిలువెత్తు అద్దం బిగించారు. అద్దానికి అవతల అతిథులు నడవడానికి వరండా. ఈగలొస్తాయని కిటికీలకు చెక్కలు కొట్టారు. మోత పెడుతోందని గాలి లాగే పంకా పీకేశారు. వెనక తలుపు ఉన్నచోట గోడ కట్టేశారు. మిగిలింది ఒక్కటే తలుపు, అదీ అతిథుల వరండాలోకి. బస్తా విప్పితే లేచిన పిండి అక్కడే తిరిగి మా మీదే పడేది. మధ్యాహ్నానికల్లా ఒకరి మొహం ఒకరికి పొగమంచులో కనిపించినట్టు కనిపించేది.

గన్నన్ పిన్నికి యాభై ఆరేళ్లు. పదహారో ఏట ఆ పొయ్యి దగ్గర చేరింది. మా అమ్మకి స్నేహితురాలు, అందుకే నాకు పిన్ని. ఆమె బన్ను చుడితే చేతిలో ఏదో పక్షిపిల్లను దాచిపెట్టినట్టు ఉండేది. పుట్టినరోజున అతిథులకు చూపించడానికి చిన్నబాబు ఆమెనే అద్దం ముందు నిలబెట్టాడు. కొత్త చొక్కా తొడిగించాడు. మూతికి కట్టుకున్న గుడ్డ తీయించాడు.

"నవ్వు కనబడాలి కదండీ" అన్నాడు.

నగర పెద్దలు, చర్చి పెద్దలు, టీవీ వాళ్లు వచ్చారు. పిన్ని పది బన్నులు చుట్టింది. పదకొండోది చేతిలో ఉండగానే దగ్గు వచ్చింది. ముందు అణుచుకుంది. తర్వాత బల్ల పట్టుకుంది. అద్దానికి అవతల ఏమీ వినపడదు. ఆమె భుజాలు అదరడం చూసి ఒకావిడ, నవ్వుతోందనుకుందేమో, చెయ్యి ఊపింది. పిన్ని పెదాలు నీలంగా మారాయి. చిన్నబాబు వేలు ఎత్తాడు. అద్దం మీద తెర జారింది.

నేనూ, పొయ్యి దగ్గర పనిచేసే మాన్‌సొక్ అన్నా ఆమెను ఎత్తుకుని తలుపు దగ్గరికి పరుగెత్తాం. ఫోర్‌మన్ గో కదల్లేదు.

"ఇటు కాదు. అతిథులున్నారు."

"ఎటు మరి? గోడలోంచి పోవాలా?" అని మాన్‌సొక్ అన్న అరిచాడు.

"గట్టిగా అరవకు. కాసేపు ఓర్చుకో. కేకు కోసేసి వెళ్లిపోతారు."

"మనిషి పోతోందిరా!"

"ఆమెకెప్పుడూ ఉండే దగ్గేగా. నీళ్లు పట్టండి."

తోసుకుని పోవాల్సింది. మేం ఐదుగురం, అతనొక్కడు. ఈ మాట నన్ను మీరు అడగక్కర్లేదు, నన్ను నేనే రోజూ అడుగుతున్నాను. అప్పుడు మా చేతులకు అంత ధైర్యం తెలీదు. నలభై ఏళ్లుగా ఆ చేతులకు ఫోర్‌మన్ కనిపిస్తే కిందికి వాలడమే అలవాటు. తలుపు సందులోంచి అవతలి చప్పట్లు వినపడుతున్నాయి. పిన్ని నా ఒళ్లో తల పెట్టి, చేప నోరు తెరిచినట్టు తెరుస్తూ మూస్తూ ఉంది. చివరి కారు వెళ్లాక తలుపు తీశారు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు.

సాయంత్రానికి కంపెనీ డాక్టరు రాసిన కాగితం వచ్చింది. 'పాత క్షయ ముదిరి మరణం.'

*

పిన్నికి ఒక్కడే కొడుకు. దూరపు సముద్రంలో చేపల ఓడ మీద ఉన్నాడు, వచ్చే దాకా కబురందదు. ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు గుమస్తాలు వచ్చి, "మన కుటుంబ సభ్యురాలు కదా, అంత్యక్రియలు కంపెనీయే చేస్తుంది, శవాన్ని అప్పగించండి" అన్నారు. మేం ఇవ్వలేదు. కొండ మీద ఆమె అద్దెకున్న ఒంటిగది ఇంటికి తెచ్చుకున్నాం. ఫొటో పెట్టి, సాంబ్రాణి వెలిగించి, చావింట్లో కన్నబిడ్డలు కట్టుకునే జనపనార పట్టీలు చేతికి కట్టుకుని మేమే కొడుకులం, కూతుళ్లం అయ్యాం.

మర్నాడు ఆదివారం. పొద్దుటి నుంచి వాకిట్లో జనం పోగవుతూనే ఉన్నారు. ప్యాకింగ్ గది ఆడవాళ్లు కిమ్చీ పచ్చడి, అన్నం తెచ్చారు. మాట్లాడేకొద్దీ ఒక్కొక్కరి నోటి నుంచీ ఒక దగ్గు బయటపడింది.

"నాకు పొద్దున్నే లేవగానే రొమ్ములో పిల్లికూత."

"మా ఆయన వేరే గదిలో పడుకుంటున్నాడు, నా దగ్గుకి నిద్రపట్టక."

"నీ మొహం చూసి నిద్రపట్టకేమోనే," అని ఎవరో అంటే, శవం ఉన్న ఇంట్లో ఒక్క క్షణం నవ్వు లేచి అణిగిపోయింది.

అప్పుడు యోన్‌జు లేచింది. నాలుగు నెలల కిందట ప్యాకింగ్‌లో చేరిన పిల్ల. ట్రే ఎత్తితే వేళ్లు కాల్చుకునేది. "నువ్వు పనిమనిషివి కాదే, పని నేర్చుకునే మనిషివి" అని పెద్దవాళ్లు ఏడిపించేవాళ్లు. ఆ పిల్ల అంది:

"అక్కలూ, అత్తలూ, ఇది క్షయ కాదు. పిండి ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే జబ్బు. పుస్తకాల్లో దీనికి పేరుంది. పని వల్ల వచ్చిన జబ్బని ఒప్పుకోవాలి. పంకా పెట్టాలి, తలుపు తెరవాలి. తలుపు మూసినవాళ్లు జవాబు చెప్పాలి. రేపు పొద్దున్నే మిషన్లు ఆపేద్దాం."

"అమ్మో, రేపేనా?" అన్నారు ఎవరో.

"ఆపితే పిండి పులిసిపోదూ?"

"పులవనీ. మనిషే పోయింది" అన్నాడు మాన్‌సొక్ అన్న. కానీ అతని గొంతులోనూ తడబాటు ఉంది.

ఆ మాటల్లోనే ఒక నల్లకారు సందు మొదట్లో ఆగింది. డ్రైవరు పట్టుకుని దించితే పెద్దాయన మిన్ బ్యోంగు దిగాడు. డెబ్బై ఏడేళ్లు. చేతికర్ర పట్టుకుని ఆ ఏటవాలు సందు ఎక్కి వచ్చాడు. మెట్టు మెట్టుకీ ఆగాడు. జనం దారిచ్చారు. పిన్ని ఫొటో ముందు మోకాళ్ల మీద వంగి రెండుసార్లు మొక్కాడు. రెండోసారి లేవలేకపోయాడు. దగ్గు పట్టుకుంది.

ఆ దగ్గు మాకు తెలుసు. వాకిట్లో ఉన్న వందమందికీ తెలుసు. లోపలికి లాగే ఊపిరి ఈల వేస్తుంది, బయటికి రానంటుంది. 

నేను నీళ్లిచ్చాను. ఆయన నా మొహంలోకి చూశాడు.

"నువ్వు తాక్ వాళ్ల అమ్మాయివి కదూ? జల్లెడ దగ్గర పనిచేసేది మీ అమ్మ."

"అవునండీ. పిల్‌సున్‌ని. మా అమ్మ క్షయతో పోయింది."

ఆయన నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నేల చూస్తూ అన్నాడు.

"క్షయ కాదమ్మా. నాకు పని నేర్పిన ముసలాయన, ఆ జపాను రొట్టెలవాడి తండ్రి, దీంతోనే పోయాడు. పిండి దగ్గు అనేవాళ్లం. నాకూ పట్టుకుంది. పొయ్యి నాదయ్యాక పిండి ముట్టుకోవడం మానేశా, అందుకే ఇన్నాళ్లు బతికా. మీ అమ్మది కూడా ఇదే. ఈవిడదీ ఇదే."

మా అమ్మ పోయి పదిహేనేళ్లు. క్షయ ఇల్లని ఇరుగుపొరుగు మా గిన్నెలో నీళ్లు తాగలేదు. మా అక్కకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. అమ్మ చివరి ఆరునెలలూ మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. మాకు అంటుకుంటుందని తలుపు అవతల నుంచే మాట్లాడేది. ముట్టుకోకుండానే పోయింది. ఈయనకు తెలుసు. అప్పుడూ తెలుసు.

నాకు ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఈ సంగతి గేటు దగ్గర అందరిముందూ చెప్తారా, పెద్దయ్యగారూ?"

"చెప్తా. రేపు చెప్తా" అన్నాడాయన. కర్ర పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక పెద్ద గొడవైంది.

"ఇంకేం, పెద్దాయనే ఒప్పుకున్నాడు! రేపొక్కరోజు ఆగుదాం" అన్నాడు మాన్‌సొక్ అన్న. "ఆయనా మనలాంటి చెయ్యే. పిండి పిసికిన చెయ్యి."

"ఆ చెయ్యి పిండి వదిలి నలభై ఏళ్లయింది" అంది యోన్‌జు. "ఆయన చెప్తే చెప్పనీండి. మన పని మనం చేద్దాం. ఒక్కరోజు ఇచ్చామంటే వాళ్లు ఊరుకుంటారా?"

"నీకేం తెలుసే! నిన్న గాక మొన్న వచ్చావు" అని ఎవరో కసిరారు.

చేతులెత్తమన్నారు. ఆగుదామన్న వాళ్లలో నా చెయ్యి ముందు లేచింది. మా అమ్మ పేరు మీద పడ్డ మచ్చ ఆయన నోటితోనే, అందరి ఎదుటా కడగాలని నా ఆశ. నా చెయ్యి చూసి ఇంకో ఇరవై చేతులు, వాటిని చూసి ఇంకెన్నో లేచాయి. ఆగాలనే తేలింది.

సోమవారం మేం పనిలోకి వెళ్లి బన్నులు చుడుతూ గేటు వైపు చెవులు పెట్టుకుని ఉన్నాం. పెద్దాయన రాలేదు. మధ్యాహ్నం మైకులో గితేక్ గొంతు వినిపించింది. పెద్దాయనకు మతి చలించిందని, వైద్యం కోసం సియోల్ తీసుకెళ్లారని, ఆయన పేరుతో ఎవరైనా పుకార్లు పుట్టిస్తే పోలీసులు చూసుకుంటారని చెప్పాడు. ఆ ఒక్కరోజులో వాళ్లు ఊరుకోలేదు. పిన్నికి ఎక్కడో పల్లెలో ఉన్న పెత్తండ్రి కొడుకుని వెతికి పట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా ఆమె మొహం చూడని మనిషి. శవాన్ని కంపెనీకి అప్పగించడానికి సమ్మతేనని అతని చేత వేలిముద్ర వేయించారు. ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో పోలీసు బస్సులు వచ్చి ఆగాయి.

యోన్‌జు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

*

మంగళవారం పొద్దున్న పాడె లేపాం. ఆ రోజు మిషన్ ఒక్కటీ తిరగలేదు. వద్దని ఒక్కరూ అనలేదు, చేతులెత్తమని అడగాల్సిన పనీ రాలేదు. కొండ దిగి రేవు వీధి గుండా నూట ఇరవై మందిమి నడిచాం. మాన్‌సొక్ అన్న ముందు కొమ్ము పట్టాడు. ఫ్యాక్టరీ గేటు ముందు పాడె దించి, పిన్ని ఫొటో గేటు వైపు తిప్పి కూర్చున్నాం.

"మిన్ గితేక్ బయటికి రా! తలుపు ఎవరు మూయమన్నారో చెప్పు!"

"పంకా ఎక్కడ? గాలి ఎక్కడ?"

గేటు మీదెక్కి చిన్నబాబు మైకు పట్టాడు. "మీరంతా మంచివాళ్లు. మీ మధ్యలో ఒక విషప్పురుగు దూరింది. యోన్‌జు అని మీరనుకుంటున్న ఆమె అసలు పేరు అది కాదు. యూనివర్సిటీ నుంచి తరిమేసిన విద్యార్థిని. దొంగ పేరుతో చేరింది. ఎర్రజెండా మనిషి. మిమ్మల్ని వాడుకుంటోంది."

జనంలో గుసగుస పాకింది. కొందరు వెనక్కి జరిగారు. ప్యాకింగ్‌లో పక్కపక్కనే పనిచేసిన ఓక్రాన్ అత్త యోన్‌జు ఎదుటికి వెళ్లి నిలబడింది.

"నిజమేనా?"

"నిజమే అత్తా. పేరు అబద్ధం."

"నా ఇంట్లో అన్నం తిన్నావు. నా పక్కలో పడుకున్నావు."

"తిన్నాను. పడుకున్నాను."

ఓక్రాన్ అత్త చెంప మీద ఒక్కటి కొట్టింది. ఆ పిల్ల కదల్లేదు. అత్త కళ్లు తుడుచుకుని గేటు వైపు తిరిగింది.

"ఒరే చిన్నబాబూ! ఈ పిల్ల పేరు దాచింది. నేను తిట్టుకుంటా, కొట్టుకుంటా, అది నాకూ దీనికీ మధ్య. మీరు దాచింది మా చావు. దానికి ఎవరిని కొట్టాలో చెప్పు!"

వెనక్కి జరిగినవాళ్లు ముందుకొచ్చారు.

అప్పుడు పోలీసులొచ్చారు. హెల్మెట్లు, డాళ్లు, కళ్లు మండించే పొగ గుండ్లు. పిండి మింగి పాడైన రొమ్ముల్లోకి ఆ పొగ పోతే ఎలా ఉంటుందో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. ఆడవాళ్లు దగ్గుతూ రోడ్డు మీద పాకారు. మేం పాడె చుట్టూ చేతులు పెనవేసుకుని పడుకున్నాం. ఒక్కొక్క చెయ్యీ విప్పి ఈడ్చేశారు. పాడె ఎత్తి తెల్లవ్యానులో పడేశారు. మాన్‌సొక్ అన్న వ్యాను ముందు చక్రాల కింద పడుకుంటే లాఠీలతో కొట్టి జుట్టు పట్టి లాక్కెళ్లారు. యోన్‌జుని నలుగురు మోసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల వెనక్కి తిరిగి అరిచింది. "అక్కా! ఎక్స్‌రే! ఛాతీ ఫొటోలు తీయించుకోండి!"

మధ్యాహ్నానికల్లా పిన్నిని కాల్చేశారు. బూడిద ఎక్కడ కలిపారో చెప్పలేదు. పరీక్ష చేయమని అడగడానికి ఇక శవమే లేదు.

*

బుధవారం పొద్దున్న ఫ్యాక్టరీ గేటు తెరిచి ఉంది. పనిలోకి వస్తే తప్పులు క్షమిస్తామని బోర్డు పెట్టారు. మేం రోడ్డుకి ఇవతల నిలబడ్డాం. తలలు పగిలినవాళ్లు, కళ్లు వాచినవాళ్లు. ముందుండి మాట్లాడే ఇద్దరూ లాకప్పులో ఉన్నారు. ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోవడం లేదు. ఓ ముగ్గురు తలలు దించుకుని గేటులోకి నడిచారు. వాళ్లని తప్పు పట్టలేం, ఇంట్లో ఆకలి నోళ్లున్నాయి.

నాకు సభలో మాట్లాడటం చేతకాదు. ఆ రోజూ చేతకాలేదు. అయినా ముందుకొచ్చాను.

"మొన్న ఆదివారం ఆగుదామని చెయ్యెత్తింది నేను" అన్నాను. "మిన్ వంశం మనిషి ఒకడు వచ్చి నిజం చెప్తాడని కూర్చున్నాను. ఆయన చెప్పడు. చెప్పినా వీళ్లు చెరిపేస్తారు. పిన్నిని కాల్చేశారు, సాక్ష్యం పోయిందనుకుంటున్నారు. మన రొమ్ముల్లో లేదా సాక్ష్యం? నన్ను కూడా కాలుస్తారా? ఓక్రాన్ అత్తని కాలుస్తారా? నేను ఆసుపత్రికి పోతున్నా. వచ్చేవాళ్లు రండి."

అని నడవడం మొదలుపెట్టాను. వెనక్కి చూడ్డానికి భయమేసింది. వంతెన దాటాక అడుగుల చప్పుడు విని తిరిగి చూశాను. అందరూ ఉన్నారు. తెల్ల టోపీలు పెట్టుకున్నారు. గేటులోకి వెళ్లిన ముగ్గురిలో ఇద్దరు పరుగెత్తుకుంటూ వస్తున్నారు.

ప్రభుత్వాసుపత్రి కిటికీ ముందు వరస కట్టాం. అవతల గుమస్తా కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఏం కావాలి?"

"ఛాతీ ఫొటో తీయాలి. కాగితం మీద రాసివ్వాలి."

"ఎవరికి?"

"నాకు. తాక్ పిల్‌సున్. కుమ్‌నారు పిండి గది. పదకొండేళ్లు."

నా వెనక ఓక్రాన్ అత్త. "చోన్ ఓక్రాన్. ప్యాకింగ్. పంతొమ్మిదేళ్లు. ముందు పిండి గదిలో ఆరేళ్లు." ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. పేరు, గది, ఏళ్లు.

గుమస్తా పెద్ద డాక్టరుని పిలిచాడు. పెద్ద డాక్టరు ఎవరికో ఫోను చేశాడు. వచ్చి, యంత్రం చెడిపోయిందన్నాడు.

"బాగయ్యే దాకా ఉంటాం" అన్నాను.

కిటికీ మూసేశారు. మేం వరండాలో కూర్చున్నాం. వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చి, "పేర్లు రాసుకుంటా" అని బెదిరించాడు. "రాసుకోండి సార్, లోపల రాసుకోవట్లేదు, మీరన్నా రాయండి" అంది ఓక్రాన్ అత్త. పేరుతో పాటు ఏళ్లు కూడా చెప్పి రాయించింది. ఎన్నాళ్లనుంచి దగ్గో కూడా రాయమని పట్టుబట్టింది.

పొద్దు వాలుతుండగా రేవు వైపు నుంచి బూడిదరంగు బట్టల్లో కొందరు మగవాళ్లు వచ్చారు. పిండి మరలో పనిచేసేవాళ్లు. మా బస్తాలు నింపేది వాళ్లే. కనుబొమ్మల మీద ఇంకా పిండి ఉంది. వాళ్లలో పెద్దవాడు వరస చివర నిలబడి, ముందున్న మా పిల్లని అడిగాడు.

"ఇది దగ్గు వరసేనా అమ్మా?"

"అవునండీ."

"మా మరలోనూ ముగ్గురు పోయారు. క్షయ అనే రాశారు."

వాళ్ల వెనక ప్లైవుడ్ ఫ్యాక్టరీ ఆడవాళ్లు వచ్చారు. వాళ్లది రంపపు పొట్టు దగ్గు. ఆ సాయంత్రం వరస ఆసుపత్రి గోడ తిరిగి చేపల బజారు దాకా పోయింది. ఎవరో అన్నం మూటలు పంచడం మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టరు పుస్తకంలో పేజీలు అయిపోయి ఇంకో పుస్తకం తెమ్మని కానిస్టేబుల్ని పంపాడు.

మాన్‌సొక్ అన్నకి తర్వాత కోర్టులో ఏడాదిన్నర, యోన్‌జుకి రెండేళ్లు జైలు వేశారు. మాలో ముప్ఫై ఒక్కరికి ఉద్యోగాలు పోయాయి, నాదీ పోయింది. ఇవేవీ నేను మీ దగ్గర దాచను. కానీ ఆ వరస మూడు రోజులు కదల్లేదు. నాలుగో రోజు పొద్దున్న కిటికీ తెరుచుకుంది. యంత్రం బాగయిందన్నారు. గుమస్తా తలెత్తకుండా అడిగాడు.

"ముందెవరు?"

నేను లేచి, పిండి మర పెద్దాయన్ని ముందుకు రమ్మన్నాను. ఆయన లేవలేకపోతుంటే నేనూ ఓక్రాన్ అత్తా చెరో చెయ్యీ పట్టి లేపాం.